సాంచాలో పెంటయ్య

చేసిన పనే మళ్లీ చేయడమంటే కోమల్‌కి చిన్నప్పటి నుంచీ ఒళ్లుమంట. ఆ సంగతి నాకు తెలిసినంత బాగా ఇంకెవరికీ తెలియదు. మా పేట మునిసిపల్ తెలుగు బడిలో ఏడో తరగతి దాకా ఆమెకు చదువు చెప్పింది నేనే, చాల్‌లో, అంటే వరసగా ఒంటిగదులున్న పాత మేడలో, వాళ్ల పక్క గదిలో ఉంటున్నదీ నేనే. ఆరో తరగతిలో ఈ పిల్ల ఒక సెలవు చీటీ రాసి, పేరు దగ్గరా, కారణం దగ్గరా ఖాళీలు వదిలి, గ్రాంట్ రోడ్‌లో జిరాక్సులు తీయించి క్లాసంతా పంచిపెట్టింది. విక్కీ అనే బడుద్ధాయి ఆ ఖాళీలు నింపకుండానే తెచ్చి నాకిచ్చాడు. 'గౌరవనీయులైన టీచర్ గారికి, నాకు ఏమీ లేనందువలన బడికి రాలేను' అన్నట్టుంది ఆ చీటీ. కోమల్ చెవి మెలిపెట్టాను. ఇంటికొచ్చాక మాత్రం ఒక్కదాన్నే కూచుని నవ్వుకున్నాను.

ఇప్పుడు ఆమెకు ఇరవయ్యారేళ్లు. ఫోన్లలో వాడే యాప్‌లు తయారుచేసే కంపెనీలో పని, ఆఫీసు వర్లిలో. యాప్ అంటే అదేదో పెద్ద విద్య అనుకునేదాన్ని. వినగా వినగా తెలిసిందేమిటంటే, ప్రతి యాప్‌లోనూ సగం పని ఒకటేనట. లోపలికి వెళ్లడానికో పేజీ, పాస్‌వర్డ్ మర్చిపోతే ఇంకో పేజీ, పేరూ ఫోనూ అడ్రసూ నింపే గడులు. పాల డెయిరీ యాప్ అయినా, పెళ్లిసంబంధాల యాప్ అయినా అవే వందల వరుసల కోడ్. పేర్లు మాత్రం మార్చుకుంటూ మళ్లీ మొదటి నుంచీ కొట్టాలి.

"దీనికంటె మీ ఇంపోజిషన్లే నయముండె టీచర్," అందొక రోజు. నాకు కోపమొచ్చింది గానీ, అబద్ధం కాదు కనుక ఊరుకున్నాను.

అందుకని ఎనిమిది నెలలు ఆదివారాలు కూడా వదలకుండా కూచుని ఆమె ఒక పనిముట్టు తయారుచేసింది. ఏ యాప్, అందులో ఏమేం గడులుండాలి అని నాలుగు మాటలు రాసిస్తే, మిగతా కోడంతా నిమిషంలో అదే రాసిపెడుతుంది. ఇప్పుడు ఏఐ వచ్చింది కదా, అది రాయదా అని తెలివిగా అడిగాను. "అది అడిగినప్పుడల్ల ఒక్కో తీరు రాస్తది. నాది ఎప్పుడు రాసినా ఒక్కటే తీరు," అంది. దానికి సాంచా అని పేరు పెట్టింది. సాంచా అంటే అచ్చు. ఆఫీసులో హిందీవాళ్లకూ మరాఠీవాళ్లకూ కూడా తెలిసిన మాటే.

సాంచా రాసిన కోడ్‌లో మనిషి పేరు రావలసిన చోట ముందుగా ఏదో ఒక నమూనా పేరుండాలి. తర్వాత దాన్ని తీసేసి, యాప్ వాడేవాళ్ల పేరు వచ్చేలా చేసుకుంటారు. కోమల్ అక్కడ వాళ్ల తాత పేరు పెట్టింది. పెంటయ్య. అతుల్ అనో సీమా అనో పెడితే నిజం పేరనుకుని వదిలేస్తారు, ఇదైతే కంటపడగానే తీసేస్తారని ఆమె ఉద్దేశం.

పెంటయ్యకు ఎనభై రెండేళ్లు. పదహారో ఏట మహబూబ్‌నగర్ జిల్లా నుంచి వచ్చి సెంట్రింగ్ పనిలో చేరాడు. అంటే స్లాబు పోయడానికి కింద చెక్కలు బిగించి, అది గట్టిపడ్డాక విప్పే పని. ఎన్ని మేడలకు బిగించాడో ఆయనకే గుర్తులేదు. రోజూ పొద్దున నా పాల పాకెట్ తెచ్చి తలుపుకు తగిలించి పోతాడు. ఈ వయసులో మెట్లెక్కవద్దని చెవినిల్లు కట్టుకుని పోరినా వినడు. నాకు ఆయనంటే చాలా ఇష్టం, ఆ మాట ఆయనతో ఎప్పుడూ అనలేదు. ఆయనకు ముందు పుట్టిన ఇద్దరూ దక్కలేదట. అందుకని ఈయన పుట్టగానే తల్లి చేటలో పెట్టి పెంటకుప్ప మీద పడుకోబెట్టింది. పక్కింటావిడ ఎత్తుకొచ్చి మళ్లీ తల్లి చేతికిచ్చింది. పారేసిన బిడ్డ మీదికి చావు కన్ను పోదని వాళ్ల నమ్మకం.

మొన్న ఫిబ్రవరిలో కళ్లద్దాల దుకాణాలవాళ్ల యాప్ సాంచాతో చేశారు. కోమల్ పక్క సీటు నిలేష్ చేతికి ఆ పని వచ్చింది. పాపం మరాఠీ పిల్లవాడు, పెంటయ్య అన్నది మనిషి పేరని అతనికి తెలియదు. దానంతటదే అసలు పేరు తెచ్చిపెట్టే కంప్యూటర్ మాట అనుకున్నాడు. తీస్తే యాప్ పడిపోతుందేమోనని అన్నీ మార్చి అదొక్కటీ ముట్టుకోలేదు. సోమవారం పొద్దున యాప్ జనంలోకి వెళ్లింది. తెరిచిన ప్రతివాళ్లకూ 'నమస్కారం, పెంటయ్య' అని చెప్పింది. దుకాణాల యజమానికి కూడా అదే చెప్పింది.

కోమల్ పై అధికారి దర్శన శుక్రవారానికి మీటింగ్ పెట్టింది. సాంచాను తీసి పారేసి, ఎప్పటిలా చేత్తోనే కొట్టుకుందామని సగం ఆఫీసు అప్పుడే అంటోంది. ఎనిమిది నెలల కష్టం ఒక్క పేరుతో పోయేలా ఉంది. కోమల్‌కి అన్నం సయించలేదు.

బుధవారం సాయంత్రం మా గదుల ముందు గ్యాలరీలో ముగ్గురం టీ తాగుతున్నాం.

"నా పేరుతోనే ఆగమైందా బిడ్డా?" అని పెంటయ్య అడిగాడు.

"నీ పేరుతోని కాదు తాతా. తీసేదుండె, తియ్యలే."

"ఇంకో పేరు పెట్టరాదు. మంచి పేరు."

"ఏ పేరు పెట్టినా మర్చిపోయేటోడు మర్చిపోతడు."

ఆయన కాసేపు టీ ఊదుకున్నాడు. "మా పనిల గూడ మర్చిపోతుండ్రి. స్లాబు కింద ఒక చెక్క ఇడిసి పోతుండ్రి. మా మేస్త్రి తలుపుల నిలవడి చెక్కలు లెక్కవెడుతుండె. ఒక్కటి లోపలున్నా ప్లాస్టరోళ్లను రానియ్యకపోతుండె."

కోమల్ కప్పు కింద పెట్టి, లోపలికి పోయి కంప్యూటర్ ముందు కూచుంది.

గురువారానికల్లా సాంచాకి ఇంకో పని నేర్పింది. యాప్‌ను బయటికి పంపబోయే ముందు అది మొత్తం వెతుకుతుంది. ఎక్కడైనా ఆ పేరు కనిపిస్తే పంపకుండా ఆపేసి, తెర మీద ఎర్ర అక్షరాలతో 'పెంటయ్య ఇంకా ఉన్నాడు' అని చూపిస్తుంది.

శుక్రవారం మీటింగ్‌లో నిలేష్ చేతే పరీక్ష చేయించారు. అతను కావాలని ఒక చోట పేరు వదిలేశాడు, సాంచా ఆపేసింది. దర్శనకు నచ్చింది. సాంచాను ఉంచుదాం, పేరు మాత్రం మార్చెయ్, శాంపిల్ అనో ఏదో పెట్టు, అంది.

మార్చడం క్షణం పని. నేనైతే మార్చేసేదాన్ని. ఇల్లెక్కడని అడిగితే కోమల్ ఆఫీసులో ఇన్నాళ్లూ మా పక్కనున్న నాగ్‌పాడా పేరు చెప్పుకుంటూ వచ్చింది. అది తప్పని నేననను, నేనూ గ్రాంట్ రోడ్ అనే చెప్తాను. రెడ్‌లైట్ ఏరియా అని పేరుపడ్డ కామాఠిపురా మా పేట అనగానే ఎదుటివాళ్ల ముఖం ఎలా మారుతుందో మాకందరికీ తెలుసు. అలాంటి పిల్ల ఆ రోజు అందరి ముందూ లేచి నిలబడి, కామాఠిపురా నుంచి మొదలుపెట్టి చాల్, సెంట్రింగ్ చెక్కలు, పెంటకుప్ప, చేట, అన్నీ చెప్పింది. ఇది మా తాత పేరు మేడం, నేను మార్చను, అంది.

దర్శన "ఇప్పుడున్నారా?" అని అడిగిందట.

"ఉన్నారు మేడం. ఎనభై రెండేళ్లు."

"అయితే ఉండనివ్వు."

కోమల్ ఇంటికొచ్చి ఇదంతా చెప్పేటప్పుడు పెంటయ్య గడప దగ్గర కూచుని ఎల్లిగడ్డ వలుస్తున్నాడు. నేనూ అక్కడే ఉన్నాను. సాంచా అంటే ఏమిటో ఆయనకు ఇప్పటికీ తెలియదు.

"ఏమన్నది మీ మేడం?"

"ఉండనియ్యమన్నది తాతా."

"మల్లొక్కసారి చెప్పు."

కోమల్ మళ్లీ చెప్పింది. ఆయన చేతిలో ఉన్న పాయ పక్కన పెట్టి, ఆమె ముఖంలోకి చూశాడు.

"నన్ను కని కుప్ప మీద పండవెట్టి మా అవ్వ గూడ దేవుణ్ని గంతే అడిగిందంట బిడ్డా. వీణ్నన్న ఉండనియ్యి, అని."