సూది రంధ్రం చుట్టూ తుప్పు

వరికుంటపాడులో మా అక్క కుట్టుమిషన్ ఊరికే దారం తెంపుతోంది. సూదులు మార్చినా, దారాలు మార్చినా బాగుపడలేదు. రిపేరుకని ఉదయగిరిలో ఆత్మకూరు బస్సెక్కి, ఆ మిషన్‌ను ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను.

పక్కసీటులోని పెద్దావిడ "ఏందిమ్మా దీనికి రోగం?" అంటూ, సూది దిగే రంధ్రం చుట్టూ వేలితో తడిమింది.

"ఈడ తుప్పు పట్టి గరుకైపోయుండాది. అదే దారాన్ని తెంపతా ఉండాది. నీళ్ళు పడతా ఉండాయా?"

"ఇల్లు కారుతుందేమో" అన్నాను.

"ఇల్లు కారితే మిషనంతా పట్టాల. ఇది కుట్టే మనిషి మొహం కింద మాత్రమే ఉండాది."

నాకు అర్థం కాలేదు. ఆమె గొంతు తగ్గించింది.

"మీ అక్క కుట్టేటప్పుడు ఏడస్తాదా?"

నేను ఎప్పుడు వెళ్ళినా అక్క నవ్వుతూనే ఎదురొచ్చేది. పొద్దున ఈ మిషన్ చేతికిస్తూ కూడా నవ్వింది. బస్సు ఎక్కడెక్కడ ఆగిందో నాకు తెలియదు.

దిగేముందు ఆమె నా భుజం తట్టింది. "ఉప్పుకాగితంతో రుద్దితే తుప్పు పోతాదిలే. నా మిషన్‌కు నేనే రుద్దుకున్నా."

ఆత్మకూరులో రిపేరు షాపుకు వెళ్ళలేదు. మిషన్ ఎత్తుకుని తిరుగు బస్సెక్కాను.