నైటీ కాదు, గౌను

తిరుపతిలో డిగ్రీ చివరి ఏడాది చదివేటప్పుడు ఆదివారం వచ్చిందంటే నా కాళ్ళు రైల్వే స్టేషన్ వైపే లాగేవి. అక్కడ రోడ్డు పక్కన టార్పాలిన్ పరిచి, మద్రాసు నుంచి మూటల్లో వచ్చిన విదేశీ పాత బట్టలు కుప్ప పోసి అమ్మేవాళ్ళు. తొంభైల చివరి మాట. నా తోటి పిల్లలంతా చుడీదార్లు కుట్టించుకుంటుంటే, నాకు మాత్రం వదులు చేతులు, కుచ్చులు, అద్దాలు, దారపు పువ్వులు ఉన్న బట్టలంటే పిచ్చి. ఆ తరహాను బొహీమియన్ అంటారని ఎన్నో ఏళ్ళ తర్వాత తెలిసింది. అప్పట్లో నాకు తెలిసిందల్లా, కుప్పలో మోచేతుల దాకా చేతులు దూర్చి వెతికితే ఏదో ఒక రోజు అలాంటిది దొరుకుతుందని.

ఆ ఆదివారం దొరికింది. ముదురు మెరూన్ రంగు, పాదాల దాకా గౌను. మెడ చుట్టూ పచ్చ, పసుపు దారాలతో పువ్వులు, మణికట్టు దగ్గర గంటలా విచ్చుకున్న చేతులు. ఒక స్వెట్టరుకీ ఎవరిదో స్కూలు కోటుకీ మధ్య ఇరుక్కుని ఉంది. ఇంకొకావిడ అప్పటికే దాని అంచు పట్టుకుంది. నేను మర్యాద మరిచి లాగేసుకున్నాను, సిగ్గు కూడా పడలేదు. బుధవారం మా కాలేజీలో వీడ్కోలు సభ. అందరూ అమ్మల పట్టుచీరలు కట్టుకొస్తారు. నేను మాత్రం ఈ గౌనులో వెళ్ళాలి, ఫోటోలో ఈ గౌనులోనే ఉండాలి.

ఇంటికి తెచ్చి వేడినీళ్ళలో రెండుసార్లు ఉతికి ఆరేశాను. అమ్మ దండెం దగ్గరికి వచ్చి అంచు పట్టుకుని చూసింది.

"నైటీ ఎందుకు తెచ్చినావే?"

"నైటీ కాదుమా. గౌను."

"మెడకాడ్నుంచి కాళ్ళదాకా ఒకటే గుడ్డ. నైటీ గాక ఇంకేంది?"

అమ్మకు నైటీలంటే పడదు. మా వీధిలో నైటీ మీద ఒక తువ్వాలు వేసుకుంటే ఎక్కడికైనా వెళ్ళొచ్చు. పాల కోసం, కూరగాయల బండి దగ్గరికి, పిల్లల్ని స్కూలు వ్యాను ఎక్కించడానికి అందరూ అలాగే వచ్చేవాళ్ళు. అమ్మ ఒక్కతే లేచింది మొదలు పడుకునేదాకా చీరలో ఉండేది. దాని గురించి ఆమెకు కాస్త గర్వం కూడా.

సోమవారం సాయంత్రం ధైర్యం చేసి గౌను తొడుక్కుని, మెడలో పూసలు వేసుకుని, వీధి చివర అంగడి దాకా వెళ్ళొద్దామని బయల్దేరాను. గేటు దాటానో లేదో పక్కింటి అత్త ఆపింది.

"ఏం పాపా, ఒంట్లో బాగలేదా? నైటీ మీదే వచ్చేసినావు."

అంతలో వెనకనుంచి అమ్మ పరిగెత్తుకొచ్చి నా భుజాల మీద తువ్వాలు కప్పింది. నాయన అప్పుడే ఒళ్ళు తుడుచుకున్న తడి తువ్వాలు. ఇప్పుడు బాగుందన్నట్టు అత్త తలూపింది.

నాకు ఏడుపొచ్చింది. కోపమూ వచ్చింది, అదంతా అమ్మ మీదే. ఇంట్లోకొచ్చి గౌను విప్పి మూలకు విసిరేశాను. "నీ పట్టుచీరే కట్టుకుంటాలే, ఆ తువ్వాలు గూడా కప్పుకుంటా" అన్నాను. ఆ పూట అన్నం తినలేదు. అమ్మ రెండుసార్లు పిలిచి ఊరుకుంది.

మంగళవారం మధ్యాహ్నం కాలేజీ నుంచి వచ్చేసరికి మా ఇంటి ముందు కూరగాయల బండి ఆగి ఉంది. మెరూన్ గౌనులో ఒకావిడ వంకాయలు ఏరుతోంది. చూస్తే అమ్మ. భుజం మీద తువ్వాలు లేదు. గౌను చేతులు తక్కెడలో పడకుండా మోచేతుల పైకి తోసుకుంది. నేను సైకిల్ పట్టుకుని అలాగే నిలబడిపోయాను.

పక్కింటి అత్త గేటుకు ఆనుకుని నవ్వుతోంది. "ఏంక్కా, కడాకి నువ్వు గూడా నైటీలోకి దిగినావా?"

"నైటీ కాదు, గౌను" అంది అమ్మ, వంకాయ మీంచి చూపు తిప్పకుండా. "నా బిడ్డ కుప్పలో ఏరి తెచ్చింది. ఈ పువ్వులు సూడు, చేత్తో కుట్టినేటివి. ముడి ఒక్కటన్నా కనిపిస్తా ఉండాదా?"

అత్త దగ్గరికొచ్చి నిజంగానే చూసింది. బండాయన కూడా మెడ చాచి చూశాడు.

లోపలికి వచ్చాక అమ్మ నా ముఖం వైపు చూడకుండా వంకాయలు బుట్టలో సర్దుతూ చెప్పింది.

"నిన్న నువ్వట్ల అన్నం తినకుండా పండుకుంటే నాకు మనసొప్పలా. ఏముండాదో ఇందులో అని ఏసుకొని సూసినా. గాలి బాగా ఆడతా ఉండాది. ఇప్పుడు ఉతికేస్తా, పొద్దునకి ఆరిపోతాది. ఎవురన్నా నైటీ అంటే, మాయమ్మ వీధిలోకి ఏసుకొని పోయిందని చెప్పు."

అంత చీర మనిషి తువ్వాలు లేకుండా నలుగురిలో నిలబడడానికి ఎంత గుండె చిక్కబట్టుకుని ఉంటుందో నాకు తెలుసు. ఆ పూట వంకాయ కూర రెండుసార్లు అడిగి వేయించుకున్నాను.

వీడ్కోలు ఫోటో మా ముందు గదిలో ఉంది. వరసగా పట్టుచీరలు, ఆ చివర మెరూన్ గౌనులో పళ్ళన్నీ బయటపెట్టి నవ్వుతూ నేను. చుట్టాలు ఎవరొచ్చినా దాని ముందు ఆగి, "ఇదేందే, నైటీలో ఉండావు?" అంటారు. నేను నోరు తెరిచేలోపే వంటింట్లోంచి అమ్మ గొంతు వినిపిస్తుంది.

"గౌను."