ఏ నూటికి?

సూర్యాపేట పెద్దమనుషులారా, మా బావను చంపింది మీరు. జ్వరం అని చెప్పుకుంటున్నారు. జ్వరం ఆఖర్న వచ్చింది. అంతకంటే ముందు మీరు వచ్చారు.

కబురు మిర్యాలగూడ నుంచి తవుడు బస్తాల లారీలో వచ్చింది. డ్రైవరు ఇంజను ఆపకుండానే దిగి, మా ఇంటి గడపలో నిలబడ్డ అక్కను చూసి తలపాగా తీశాడు.

"పంతులు ఇంటోళ్ళు మీరేనా అమ్మా? జర మొగోళ్ళను పిలువు."

"నాతోనే చెప్పు బిడ్డా. లెక్కలు చెప్పేటాయన పెండ్లాన్ని. ఉన్నది ఉన్నట్టు చెప్తే సమజైతది."

వాడు చెప్పాడు. అక్క విన్నది. తరువాత లోపలికి పోయి, దండెం మీద ఆరేసి ఉన్న ఆయన ధోవతిని తీసి మడతపెట్టింది. మీరు మాత్రం మర్నాడు పరామర్శకు వచ్చి, ఒకరి తరువాత ఒకరు ఒకటే మాట అన్నారు: "మంచివాడే, కానీ మొండివాడు." మంచివాడు అన్న మాట నోట్లోంచి పూర్తిగా రాకముందే ఆ 'కానీ' ఎందుకు అడ్డం వచ్చిందో మీకు తెలుసు. తెలియనట్టు ఉంటారు కాబట్టే ఈ నాలుగు మాటలు పత్రికలో రాస్తున్నాను.

మా అక్కను చేసుకున్నప్పటి నుంచీ ఆయన లెక్కలే చెప్పాడు. మొదట కోదాడలో, తరువాత సూర్యాపేటలో మీ బడిలో. ఉర్దూ బడుల్లో ఫీసదీ అని నేర్చి, తెలుగులో 'నూటికి' అని చెప్పిన మనిషి. ఆయనకొక అలవాటు. ఏ లెక్క మొదలుపెట్టినా ముందు నల్లబల్ల మీద పెద్ద గుండ్రం గీసి, దాన్ని ఖాళీగా వదిలేవాడు. పిల్లల వైపు తిరిగి, సుద్ద అంటిన చేతిని వెనక ధోవతికి తుడుచుకొని అడిగేవాడు: "ఏ నూటికి?" నూటికి ఎంత అన్నది తరువాతి సంగతి. ఆ నూరు ఏదో ముందు తేల్చుకొని గుండ్రంలో పెట్టాలి. పెట్టిందాకా కూడిక లేదు, తీసివేత లేదు. ఆయన ధోవతి వెనక ఎప్పుడూ అయిదు తెల్లని వేళ్ళ ముద్ర ఉండేది. "గోడలకు కొట్టే సున్నం నా మొగని బట్టలకే కొట్టిండ్రు" అని అక్క దెప్పేది.

నన్నూ వదిలేవాడు కాదు. ఒకసారి సభలో గొంతు చించుకొని "నూటికి తొంభైమంది ఆకలితో ఉన్నారు!" అన్నాను. జనం చప్పట్లు కొట్టారు. ఇంటికి వస్తే ఆయన సోంపు నములుతూ కూర్చుని ఉన్నాడు.

"ఏ నూటికిరా బామ్మర్దీ?"

"నూటికంటే నూటికే బావా. జనం."

"గడీల కూసున్న నూరుమందిని లెక్కవెట్టు, ఒక్కడు గూడ ఆకలిగొని లేడు. గడీ ఎనక ఉన్న నూరుమందిని లెక్కవెట్టు, తిన్నోడు ఒక్కడు దొరకడు. రెండు నూర్లు కలిపి చెప్తే దొర కడుపు గూడ ఆకలి లెక్కల వడ్తది. నీ కోపం మంచిదే గని, దానికింద నూరేందో చెప్పు."

కోపం వచ్చింది. వచ్చినా, ఆ తరువాత నూటికింత అని చెప్పే ముందు నా నాలుక ఒక్క క్షణం ఆగుతూనే ఉంది.

కోదాడ రోజుల్లో పాత సర్కారు రాజ్యపు సరిహద్దు పక్కనే ఉండేది. అవతల కొంటే అమ్మకం పన్ను, ఇవతలికి తెస్తే సరుకు తనిఖీ చేసే నాకా దగ్గర సుంకం. ఒక పిల్లవాడి తల్లి బడికి వచ్చి నిలదీసింది: "అదేందండీ పంతులుగారూ, అవతల పన్నంటారు, ఇవతల సుంకమంటారు. నా కోక ఒకటేగా! రెండుసార్లు కట్టుకుంటానా?" ఆయన నవ్వలేదు. ఆ కోకనే లెక్క చేశాడు. కోక పదహారు రూపాయలు. తేలిక కోసం పన్ను రూపాయికి అణా, సుంకమూ రూపాయికి అణా అనుకోండి. మొత్తం ఎంత? క్లాసు మొత్తం పద్దెనిమిది అని అరిచింది. పదహారుకు పన్ను ఒక రూపాయి, సుంకం ఒక రూపాయి, అంతే కదా అని. ఆయన గుండ్రంలో పదహారు తుడిచి పదిహేడు రాశాడు. సుంకంవాడు పదహారును చూడడు, పన్ను కలిసిన పదిహేడును చూస్తాడు. పదిహేడు మీద పదిహేడు అణాలు. మొత్తం పద్దెనిమిది రూపాయల ఒక అణా.

"ఆ ఒక్క అణా ఎవలకు పోయింది?" అని అడిగి ఊరుకున్నాడు. "పన్నుకు గూడ పన్ను కట్టినం సార్" అని వెనక నుంచి ఒక గొంతు వినిపించేదాకా ఊరుకున్నాడు.

ఇక మీ సంగతికి వస్తాను.

పోయినేడు పటాలాలు వచ్చి పాత సర్కారు కూలాక, మన బజారులో ఒక బట్టల కొట్టు మీద బోర్డు లేచింది: నూటికి ఇరవై తగ్గింపు. కొట్టు పేరు రాయను, మీకు తెలుసు. ఆ కొట్టువాడు డబ్బు తగ్గించేవాడు కాదు, కొసరు ఇచ్చేవాడు. ఐదు గజాలకు డబ్బు కడితే ఒక గజం ఊరికే. ఐదు ఇరవైలు నూరు, లెక్క కుదిరింది అనేవాడు. మన ఊరి మనిషికి కొసరంటే ఎంత ఇష్టమో వాడికి తెలుసు. వంకాయలు కొన్నా పైన ఒక కాయ పడకపోతే కదలని వాళ్ళం. కొసరును మనం ఎప్పుడూ బేరంలో కలిపి లెక్కించం, చేతికి వచ్చిన మర్యాద అనుకుంటాం. సరిగ్గా అక్కడే పడ్డాం.

ఆత్మకూరు నుంచి గొర్ల కాపరుల ఇంటి ఇల్లాలు ఒకామె ఏడాదికి సరిపడా ఇంటిల్లిపాదికీ బట్ట కొని, మూట నెత్తిన పెట్టుకొని మా బావ అరుగు మీదకు వచ్చింది. కూతురికి ఆయన లెక్కలు చెప్పిన పరిచయం.

"పంతులయ్యా, బోర్డు మీద ఇరవై అన్నడు. నాకు ఇరవై ముట్టిందా సూడు."

"నీ మూటల ఎన్ని గజాలున్నయమ్మా?"

"ముప్పై. గజం రూపాయి. ఇరవై అయిదుకు పైకం ఇచ్చిన, అయిదు కొసరు."

ఆయన అరుగు మీదే వేలితో దుమ్ములో గుండ్రం గీశాడు. "నువ్వు ఇంటికి తీస్కపొయ్యేది ముప్పై గజాలు. గుండ్రంల ముప్పై వెట్టాలె. ముప్పైల నూటికి ఇరవై అంటే ఆరు. నీకు అయిదే ఊరికే వచ్చినయ్."

"ఒక్క గజమే గదా, పోనియ్."

"పన్నెంత తీసిండు?"

"గజానికి రెండణాలు. మూడు రూపాయల పన్నెండణాలు."

"అంటే ముప్పైకి తీసిండు. ఊరికే ఇచ్చినదానికి గూడ పన్ను తీసిండా?"

ఆమె మూట దించింది. "వాని పాడుగాను! కొసరుకు పన్నా? రేపు నా మ్యాకపిల్ల తోకకు గూడ పన్నేస్తడు!"

లెక్క ఇంతే. ముప్పై రూపాయల బట్ట, నూటికి ఇరవై తగ్గితే ఇరవై నాలుగు. దానిమీద రూపాయికి రెండణాల చొప్పున మూడు రూపాయలు. ఇవ్వాల్సింది ఇరవై ఏడు. ఇచ్చింది ఇరవై ఎనిమిది రూపాయల పన్నెండణాలు. ఆమె వెనక్కి పోయి నడిబజారులో కొట్టు ముందు నిలబడి గట్టిగా అడిగింది. వాడు ఒక గజం కోసి ఆమె మీదికి విసిరి, ఇది కూడా కొసరే పో అన్నాడట. బజారంతా చూసింది. అంటే మీరే.

అర్ధసంవత్సరం పరీక్షలో మా బావ ఆ లెక్క ఇచ్చాడు. పేరు లేదు. 'ఒక బట్టల కొట్టులో' అని మొదలైంది. పిల్లలు ఇంటికి పోయి అమ్మానాన్నలను అడిగారు. రెండు రోజుల్లో బడి కమిటీ కూర్చుంది.

ఆ సాయంత్రం బడి వరండాలో మీలో చాలామంది ఉన్నారు. నేనూ ఉన్నాను. కొట్టువాడి వియ్యంకుడే కమిటీకి పెద్ద. ఆయన మెత్తగానే మొదలుపెట్టాడు.

"పంతులుగారూ, బళ్ళె లెక్కలు చెప్పమంటే మీరు బజారు లెక్కలు చెప్తున్నరట."

"బజార్ల పనికిరాని లెక్క బళ్ళె ఎందుకయ్యా?"

కొట్టువాడు లేచాడు. "నన్ను పోరగాండ్లతోని ఎక్కిరిపిస్తున్నడు. ఇజ్జత్ తీసిండు!"

"నీ పేరు వెట్టలే. ఒక కొట్టు అన్న. అది నీదే అని నువ్వెట్ల గుర్తువట్టినవ్?"

ఎవరో నవ్వారు. నవ్వు సగంలో తెగిపోయింది. ఎందుకంటే అప్పటికే కమిటీ పెద్ద ఇంకో మాట అన్నాడు, గొంతు పెంచకుండా: "ఇవి సంఘపోళ్ళ లెక్కలు. క్యాంపుల ఒక్క మాట చెప్తే చాలు."

దొరల మీద తిరగబడ్డ సంఘంవాళ్ళను పటాలాలు వేటాడుతున్న ఆ రోజుల్లో ఆ మాటకు అర్థం అడగనవసరం లేదు. పటాలం క్యాంపుకు పోయినవాళ్ళు ఎట్లా తిరిగి వచ్చారో, కొందరు ఎందుకు రాలేదో మీకూ నాకూ తెలుసు. ఒకరి ముఖం ఒకరు చూడలేదు. ఎవరో దగ్గబోయి ఆపుకున్నారు.

మా బావ లేచాడు. వరండాలో నల్లబల్ల లేదు. చలిమంట వేసిన మూల నుంచి ఒక బొగ్గు ముక్క తీసుకొని, తెల్లటి గోడ మీద పెద్ద గుండ్రం గీశాడు. ఖాళీగా వదిలాడు. బొగ్గును మీ వైపు చాచాడు.

"లెక్క తప్పయితే ఇప్పుడే చెరుపుత. రాండ్రి, ఎవరన్న చేసి సూపెట్టుండ్రి. ఏ నూటికి?"

మీలో వకీళ్ళున్నారు. ధాన్యం వ్యాపారులున్నారు. చక్రవడ్డీని వేళ్ళ కణుపుల మీద కట్టగలవాళ్ళున్నారు. ఒక్క చెయ్యి లేవలేదు. బొగ్గు పట్టుకుంటే చేతులు నల్లబడతాయనా? నేను లేచాను. ఆయన నా వైపు చూడకుండానే అన్నాడు: "నువ్వు కూసో. నువ్వు చేస్తే అది ఉపన్యాసమైతది, లెక్క కాదు."

అంత ఉద్రిక్తతలోనూ నాకు నవ్వు వచ్చింది. ఇప్పుడు అది తలుచుకుంటే రాత ఆగిపోతోంది.

పిల్లల ముందు ఆ లెక్క తప్పని చెప్పమన్నారు. చెబితే బడి, లేకపోతే లేదు. "తప్పని చెప్పాల్నంటే తప్పుండాలె గద" అని, బొగ్గు ముక్క కిటికీ మీద పెట్టి, చెయ్యి వెనక ధోవతికి తుడుచుకొని ఇంటికి నడిచాడు. అక్క గడపలోనే పట్టుకుంది.

"ఈసారి నల్లగున్నదేంది?"

"బడి మారిందే" అన్నాడు.

అక్కను నా ఇంట ఉంచి మిర్యాలగూడ పోయాడు. ఒక బియ్యం మిల్లు వెనక రేకుల కింద హమాలీల పిల్లలకు చెప్పడం మొదలుపెట్టాడు. ఆయన కంటే ముందే ఆయన పేరు అక్కడి క్యాంపుకు చేరింది. ఎవరు చేర్చారు? రోజూ పొద్దున్నే క్యాంపుకు వచ్చి నిలబడాలన్నారు. ఎండలో నిలబెట్టారు, వానల్లోనూ నిలబెట్టారు. నేను చూడబోయినప్పుడు చాప మీద పడుకొని ఉన్నాడు. ఒళ్ళు కాలుతోంది.

"ఇయ్యాల ఏం అడిగిండ్రు బావా?"

"గుండ్రం అంటే ఏం గుర్తు, ఏ దళానిది అన్నరు. అండ్ల నూరు వెట్టాలె సార్ అన్న. నమ్మలేదు." నా వైపు ఒత్తిగిలి, "ఈడ మిల్లోడు తేమ అని నూటికి ఇంత తరుగు తీస్తడురా. తడి వడ్ల మీదనా, ఎండిన వడ్ల మీదనా అని పోరగాండ్లు నిన్న వాళ్ళంతట వాళ్ళే అడిగిండ్రు" అన్నాడు. ఆ ముఖంలో ఉన్న సంతోషాన్ని జ్వరమనుకొని చెయ్యి పెట్టి చూశాను. జ్వరమూ ఉంది.

అదే ఆఖరు మాట. ఆయన గొప్పవాడని నేననను. గొప్పవాడంటే మీరు విగ్రహం పెట్టి తప్పించుకుంటారు. ఆయన ఒక ప్రశ్న అడిగాడు, సరైన ప్రశ్న. దానికి మీరు జవాబు ఇవ్వలేదు, ఆయన పేరు ఇచ్చారు.

బడి వరండా గోడకు మీరు సున్నం కొట్టించారు. తొలి వానకు గుండ్రం మళ్ళీ తేలింది. ఇంకోసారి కొట్టించారు. మొన్న అక్కతో ఆ దారిన పోతూ చూశాను. సున్నం కిందనుంచి బూడిదరంగులో కనిపిస్తూనే ఉంది. అక్క నిలబడి చాలాసేపు చూసింది. ఏమీ అనలేదు. కాబట్టి నేను అంటున్నాను. అడుగుతున్నవి ఇవి:

పరీక్ష కాగితంలోంచి మీ కమిటీ కొట్టేయించిన ఆ లెక్కను మళ్ళీ పెట్టాలి.

తగ్గింపు బోర్డు కట్టినవాడు ధర, తగ్గింపు, పన్ను విడివిడిగా చెప్పాలి. పన్ను తగ్గిన ధర మీదనే తీసుకోవాలి.

కొసరుకు పన్ను తీసుకోకూడదు.

క్యాంపుకు పేరు ఇచ్చినవాడు మా అక్క ముందుకు వచ్చి, ఇచ్చానని చెప్పాలి.

ఆ గోడకు మళ్ళీ సున్నం కొట్టకూడదు. కిటికీ మీది బొగ్గు ముక్కను అక్కడే ఉండనివ్వాలి.