ఫైనల్‌కు రెఫరీ ఎవరు

నా చిన్నప్పుడు మా బెళుగుప్ప వైపు ఎండాకాలం కబడ్డీ పోటీలు జరిగితే, ఏ జట్టు గెలుస్తుందన్న ఆరాటం ఊరందరిదీ. ఫైనల్‌కు రెఫరీ ఎవరన్న ఆరాటం మా ఇంటిది. మా నాయన రెఫరీ. వరసకు నాకు చిన్నాయన అయ్యే పక్కింటాయన కూడా రెఫరీనే. ఇద్దరిలో ఎవరిని పెట్టాలో తేల్చేది మా తాత. ఆయన రిటైరైన డ్రిల్లు మాస్టరు. ప్రతి ఆటకూ కుర్చీ వేసుకుని కూర్చుని, ఆటగాళ్ళను కాక రెఫరీలనే చూసేవాడు.

తేల్చేది సొంత తాత కదా, ఫైనల్ మా నాయనదేనని తోటిపిల్లల దగ్గర ముందే గొప్పలు పోయాను. సెమీఫైనల్స్ అయిన సాయంత్రం తాత చిన్నాయన పేరు చెప్పాడు. నా కడుపు మండిపోయింది. చిన్నాయన కూతురు వాకిట్లో గంతులేస్తుంటే చూడలేక తలుపు వేసేశాను. నాయన సంగటి ముద్ద కెలుకుతూ ఉండిపోయాడు.

"సొంత కొడుకు కంటే ఆయప్ప ఎక్కువైపోయినాడా నీకు? నాయన ఒక్క తప్పన్నా చెప్పినాడా?" అని తాత మీదికి పోయాను.

"చెప్పలేదు పాపా. మీ నాయన చూపు చానా మంచిది" అన్నాడు తాత. "ఈపొద్దు ఓడినోళ్ళకు నీళ్ళు పోసింది నువ్వే కదా. నాయన ఆడించిన ఆటలో ఓడినోళ్ళు ఏం మాట్లాడుకున్న్యారు?"

"గెలిచినోళ్ళతో నవ్వుతా మాట్లాడినాడంట. వీళ్ళు అడిగితే మాత్రం గద్దించినాడంట. తిట్టుకుంటా పోయిరి."

"మరి చిన్నాయన ఆటలో ఓడినోళ్ళు?"

వాళ్ళు చెంబు అందుకుంటూ ఒకర్నొకరు తిట్టుకున్నారు. కాలు వదిలింది నువ్వని ఒకడు, ముందుగా పట్టనిది నువ్వని ఇంకొకడు. రెఫరీ ఊసే ఎవరూ ఎత్తలేదు. ఆ మాట నా నోటితోనే చెప్పాల్సి వచ్చింది.

"ఫైనల్లో ఓడినోళ్ళు ఆ బాధ ఏడాదంతా మోయల్ల. దాని మీద రెఫరీ మీది కోపం గూడా మోయగూడదు" అన్నాడు తాత. గుమ్మంలో నిలబడి నాయన అంతా విన్నాడు.

మర్నాడు ఫైనల్లో నాయన చిన్నాయనకు సాయంగా గీత దగ్గర నిలబడ్డాడు. చిన్నాయన ఒక్క తప్పు చేస్తే బాగుండునని ఆటంతా కాచుకుని చూశాను. ఆయన చేయలేదు. అందుకూ నాకు మంటే.

ఆ తర్వాత నాయన ఆట మొదలయ్యే ముందు రెండు జట్ల దగ్గరికీ పోయి పలకరించేవాడు. అడిగినవాళ్ళకు ఓపిగ్గా చెప్పేవాడు. కొన్నేళ్ళకు ఫైనల్ ఆయనకే వచ్చింది. ఆ పొద్దున సంబరంగా చిన్నాయన ముఖంలోకి చూశాను. నవ్వు తెచ్చుకుంటున్నాడు, రావడం లేదు. నా ముఖం కూడా ఒకనాడు అట్లాగే ఉండి ఉంటుందనిపించింది. అయినా ఆయన సున్నం డబ్బా తీసుకుని, నాయన ఆడించబోయే ఆటకు వంగి గీతలు గీశాడు.

ఇప్పుడు నాకు మనవళ్ళున్నారు. అసూయ నన్ను వదిలిపోయిందని చెప్పను. నాకు కావలసింది ఇంకొకరికి దక్కితే ఇప్పటికీ ముందు కడుపే మండుతుంది. కాకపోతే ఆ మంటతోనే లేచి, వాళ్ళ పనిలో ఓ చేయి వేయడానికి పోతాను.