మౌలాబీకి సముద్రపు గాలి

మౌలాబీ పుట్టింది అద్దంకిలో, కాపురానికి వచ్చింది సత్తెనపల్లి పక్కన మా ఊరికి, పోయింది పీతలలంకలో. ఈ మూడో పేరు మీరు విని ఉండరు. అది ఊరు కాదు. నిజాంపట్నం దాటాక, మడ అడవుల వెనక, సముద్రం ముఖాన ఉన్న ఇసుక దిబ్బ. చుట్టూ నీళ్లు, పడవ తప్ప దారి లేదు. ఆ దిబ్బ మీద గుంటూరు పొగాకు వ్యాపారి రామాంజనేయులు గారు ఒక బంగళా కట్టించాడు. అందులో వంటమనిషిని నేను. నా పేరు రాజ్యం. నా నోరు మంచిది కాదని అందరూ అంటారు. కాదు మరి. మంచి నోళ్లున్న వాళ్లెవరూ ఆ రోజు పెదవి కదపలేదు కాబట్టి ఈ సంగతి నేనే చెప్పాల్సి వచ్చింది.

ఆ బంగళా వైభోగం చూసి తీరాలి. పొగాకు కొనడానికి సీమ నుంచి వచ్చే తెల్లదొరలను గుంటూరు ఎండలో కూర్చోబెడితే చిరాకు పడి బేరం చెడగొడుతున్నారట. సముద్రం చూపించి, మంచం దగ్గరికే కాఫీ పంపించి, చల్లగా దారిలోకి తెచ్చుకోవాలని ఆయన ఎత్తు. వరండా ముందు కొబ్బరి చెట్లు, ఎదిగినవే తెచ్చి నాటించాడు. దీపాలకు ఇంజను. రేపల్లె నుంచి ఐసు గడ్డలు పొట్టులో కప్పుకుని పడవలో దిగేవి. స్నానాల గదుల్లో పింగాణీ తొట్లు. దిబ్బ మీద ఎక్కడ తవ్వినా ఉప్పునీళ్లే, అందుకని ఆ తొట్లు నింపే మంచినీళ్లు కూడా అవతలి గట్టు నుంచి పీపాల్లో రావలసిందే. ఇన్ని అమరినా పరుపుల దగ్గర పరువు పోయింది. కొబ్బరిపీచు పరుపు మీద పడుకున్న ఒక దొరసాని నడుం పట్టేసిందని మర్నాడే పడవెక్కింది. అయ్యగారికి అన్నం సహించలేదు. బ్రాడీపేటలో తన ఇంటికి పరుపులు కుట్టిన బుడాన్‌ను పిలిపించాడు.

బుడాన్ దూదేకులవాడు, మౌలాబీ మొగుడు. దూది ఏకే విల్లు భుజాన వేసుకుని అతను ముందు, దబ్బనాలూ దారాలూ మూటగట్టుకుని ఆమె వెనక, పల్నాడంతా తిరిగేవాళ్లు. అతను దూది ఏకితే ఆమె పరుపు కుట్టేది. ఆమె కుట్టు ఎంత బిగువుగా ఉండేదో ఆమె మాట అంత వదులు. "గుంటూరు జిల్లాలో సగం మంది పిల్లలు నా పరుపుల మీదే కడుపున పడ్డారక్కా. నేను కన్న ఇద్దరు మాత్రం చాప మీద" అనేది. ఆ ఇద్దరూ బతకలేదు. అది కూడా నవ్వుతూనే చెప్పేది, వినేవాళ్లకు ఒళ్లు జలదరించేది.

ఏళ్ల తరబడి పీల్చిన దూది నూగు చివరికి ఆమె ఊపిరితిత్తుల్లో కూర్చుంది. ముందు దగ్గు, తర్వాత ఆయాసం, తర్వాత నాలుగు మాటలకు ఒకసారి ఆగడం. బ్రాడీపేట డాక్టరు వీపు మీద గొట్టం పెట్టి విని, "ఈ దుమ్ము వదిలేసి సముద్రం ఒడ్డున కొన్నాళ్లుంటే బతుకుతావు. లేదంటే వచ్చే చలికాలం చూడవు" అన్నాడట. దూదేకులది సముద్రం ఒడ్డున కొన్నాళ్లు ఎలా ఉంటుందో ఆ మహానుభావుడు చెప్పలేదు. అలాంటి సమయంలో అయ్యగారి కబురు వచ్చింది. బుడాన్ ఎగిరి గంతేశాడు. పనీ దొరికింది, గాలీ దొరికింది అనుకున్నాడు వెర్రివాడు.

దూది ఇంటి దగ్గర ఏకి పరుపులు తీసుకురావచ్చు కదా అని మీరు అడుగుతారు. మా వైపు అలా ఒప్పుకోరు. దూదేకులవాణ్ణి ఇంటికి పిలిపించి కళ్లముందే ఏకిస్తారు, కళ్లముందే కుట్టిస్తారు. మంచి దూది నొక్కేసి పాతది కూరుతాడని అనుమానం. ఎంత కలిగినవాడికి అంత అనుమానం. అయ్యగారు కొత్త పత్తి దూది బోరాలకు బోరాలు తనే కొని లంకకు చేర్పించాడు.

పడవ దిగగానే మౌలాబీ నన్ను చూసి నవ్వింది. మనిషి సగమైంది. "ఏమే, ఇలా అయిపోయావు" అన్నాను.

"మిగతా సగం ఇక్కడ పెంచుకుందామని వచ్చానక్కా" అంది.

అయ్యగారు కూడా ఆ రోజు మంచి ధోరణిలో ఉన్నాడు. బుడాన్ సంగతంతా చెప్పుకుంటే విన్నాడు. "దానికేం భాగ్యంరా. దొరలు వచ్చేలోగా పరుపులన్నీ ముగించండి. ముగించాక మిగిలిన రోజులు ఆ వరండా మీదే. పడక కుర్చీలో కూర్చోబెట్టుకో నీ పెళ్లాన్ని. నేను వద్దంటానా" అన్నాడు. బుడాన్ ఆయన కాళ్లకు దణ్ణం పెట్టాడు. ఆ మాట మౌలాబీ ఎంత నమ్మిందంటే, వరండాలో ఏ కుర్చీ తనదో కూడా చూసిపెట్టుకుంది.

మర్నాడు పొద్దున్నే సర్వి చెట్ల కింద చాప పరిచారు. మౌలాబీ సముద్రం వైపు తిరిగి కూర్చుని నిండుగా ఊపిరి తీసుకుంది. "చేపల కంపు కొడుతోందక్కా, అయినా బాగుంది" అంది. బుడాన్ బోరా విప్పి విల్లు మీటాడు. అంతే. చాప మీద ఒక్క పింజ నిలవలేదు. గాలి ఎత్తుకుపోయి వరండా నిండా, కొబ్బరాకుల నిండా, పచ్చిగా ఉన్న కిటికీ రంగుల నిండా దూది అంటించింది. నౌకర్లు కడుపు పట్టుకుని నవ్వారు. అయ్యగారు నవ్వలేదు.

"ఒరేయ్ బుడాన్, బంగళాకు బొచ్చు మొలిపించావు కదరా. లోపలికి నడు. ఆ మూల గదిలో కూర్చుని తలుపులూ కిటికీలూ బిగించుకుని ఏకు. ఒక్క పింజ బయట కనిపించిందా, అదే పడవలో పంపించేస్తాను."

బుడాన్ బోరా మూతి కట్టి లోపలికి మోశాడు. పుట్టిన దగ్గర్నుంచి గాలి రాకుండా తలుపు వేసుకుని దూది ఏకినవాడు, గాలి కోసం వెళ్తూ దూది పనే ఒప్పుకుని వెళ్లాడు. మొగుడూ పెళ్లాలిద్దరికీ ఆ రెండూ ఒకచోట పొసగవన్న సంగతి తట్టనే లేదు. "ఇంత తెలివితక్కువ పని ఎలా చేశాను వదినా" అని నాతో అన్నాడు. నాకేం తెలుసు. ఆశ మనిషి చేత అంత పని చేయిస్తుంది.

మూల గది అంటే అంతకు ముందు ఐసు పెట్టెలు పెట్టుకున్న గది. ఉన్న ఒక్క కిటికీకి గోనె పట్టా కొట్టారు. సముద్రపు చెమ్మకు దూది ముద్దకట్టేది, విల్లు నరం సాగిపోయేది. మామూలుగా ఒకసారి ఏకే దూదిని మళ్లీ మళ్లీ ఏకాల్సి వచ్చింది. తలుపు తీస్తే లోపల మనుషులు కనిపించేవాళ్లు కాదు, తెల్లటి మబ్బు కనిపించేది. అందులోంచి మౌలాబీ దగ్గు వినిపించేది. ముక్కుకు కొంగు కట్టుకుంటే ఊపిరాడేది కాదు, విప్పితే దూది.

"బయటికి రావే" అని నేను రోజూ అరిచేదాన్ని.

"వచ్చి కూర్చుంటే పని ఆగుతుందక్కా. పని ఆగితే దొరలు వచ్చేస్తారు. అప్పుడు వరండా ఎక్కడిది? తొందరగా ముగిస్తే తొందరగా కూర్చుంటాను" అనేది. అన్నం తినడానికి వంటింటి మెట్ల దాకా వచ్చి, అక్కడి గాలి కాస్త పీల్చి, దొంగతనం చేసినట్టు మళ్లీ లోపలికి పోయేది. ఎంత తొందరపడితే అంత దూది లేచేది. బుడాన్‌కు అది కనబడుతూనే ఉంది. అయినా విల్లు ఆపలేదు. పైగా దగ్గు మరీ ఎక్కువైతే, "మెల్లగా దగ్గవే, అయ్యగారు వింటాడు" అని కసిరేవాడు. ఆ మాట విన్నప్పుడు అతన్ని చీపురుతో కొట్టాలనిపించింది.

ఒక రోజు మౌలాబీ కొంగు చివర నెత్తురు చూశాను. తిన్నగా అయ్యగారి దగ్గరికి వెళ్లాను.

"అయ్యగారూ, అది చచ్చిపోతుందండి. ఒక్క నాలుగు రోజులు పని ఆపించండి. మీరన్న ఆ వరండా కుర్చీలో కూర్చోబెట్టండి."

"నేనేమన్నా కట్టిపడేశానా రాజ్యం? వెళ్తామంటే ఇప్పుడే పడవెక్కిస్తాను. అడుగు వాళ్లని."

"ఎక్కడికి వెళ్తారండి? వచ్చిందే గాలి కోసం."

"మరి పని ముగించి పీల్చుకోమనే కదా చెప్పాను. నీ చారులో ఉండాల్సిన ఘాటు నోట్లో పెట్టుకోకు" అని నవ్వి, దొరలు అనుకున్న దాని కన్నా ముందే వస్తున్నారని, గురువారానికి పరుపులన్నీ మంచాల మీద ఉండాలని బుడాన్‌కు చెప్పమన్నాడు. అబద్ధం ఆడలేదు, తిట్టలేదు, చెయ్యి చేసుకోలేదు. ఆయన్ను తప్పు పట్టడానికి చట్టంలో ఏమీ దొరకదు. అందుకే నాకు ఇప్పటికీ కడుపు మండుతుంది.

నేను చెప్పిన మాట విని మౌలాబీ ఏడుస్తుందనుకున్నాను. దబ్బనంలో దారం ఎక్కించుకుంటూ, "అయితే గురువారం పొద్దున్నకి ముగిస్తే ఒక పూటైనా కూర్చోవచ్చు" అంది. అన్ని రోజుల నుంచి ఒక పూటకు దిగింది. ఆ పూట కోసం మిగిలిన ఊపిరంతా పెట్టి కుట్టింది.

గురువారం మధ్యాహ్నానికి చివరి పరుపు అంచు బిగించింది. బుడాన్ ఆమెను లేవదీసి, భుజం కింద చెయ్యి వేసి, వరండా వైపు నడిపించుకొచ్చాడు. ఆమె జుట్టు, కనుబొమలు, రెప్పలు అన్నీ దూదే. అప్పటికే వరండా కడిగి ఆరబెట్టారు, కుర్చీలకు తెల్ల గుడ్డలు వేశారు. అయ్యగారు దండలు పట్టించుకుని నిలబడ్డాడు. పాయలో పడవ కనిపిస్తోంది.

"ఇప్పుడా?" అన్నాడు. "దొరలు దిగుతున్నారు కదరా. పరుపు పడక వెళ్లిపోయిన దొరసాని మళ్లీ వస్తోంది, దీన్ని చూస్తే ఉంటుందా? వంటింటి వెనక కూర్చోబెట్టు. తర్వాత చూద్దాం."

వంటింటి వెనక అంటే బంగళా చాటు. అక్కడికి సముద్రం కనిపించదు, గాలి తగలదు. నేను పొయ్యి మీది మూకుడు దించి, నిప్పు మీద నీళ్లు పోసి పరుగెత్తాను. మౌలాబీ గోడకు ఆనుకుని ఉంది. నోరు తెరుచుకుని ఊపిరి కోసం వెతుక్కుంటోంది. విసనకర్రతో విసిరాను. అవతల గ్రామఫోను పెట్టారు. ఎవరో దొర పెద్దగా నవ్వాడు. ఆ నవ్వు ఆగేలోపే ఈమె ఊపిరి ఆగింది. బుడాన్ మాత్రం ఇంకా ఆమె అరచేతులు రుద్దుతూ, "అయిపోయిందే, పని అయిపోయింది, ఇంక కూర్చోవచ్చు" అంటున్నాడు.

అయ్యగారు వెనక దారిన వచ్చి చూశాడు. "పాపం" అన్నాడు. బుడాన్ ఆయన కాళ్లు పట్టుకున్నాడు.

"అయ్యగారూ, ఆ సర్వి చెట్ల అవతల ఇంత చోటివ్వండి. బతికుండగా గాలి దక్కలేదు. ఆ గాలిలోనే పూడ్చుకుంటాను."

"సమాధి ఉన్న చోటికి దొరలు స్నానాలకు దిగుతారట్రా? పోటు వచ్చాక పడవ ఇస్తాను, నిజాంపట్నం తీసుకెళ్లు. అప్పటిదాకా ఆ మూల గదిలో ఉంచు. తలుపు వేసి ఉంచు" అని చెప్పి దొరల దగ్గరికి వెళ్లిపోయాడు.

మళ్లీ మూల గదికే చేర్చాం. శవానికి స్నానం ఆలస్యం చేయకూడదట. ఆడమనిషికి ఆడమనిషే చేయించాలట. ఆ దిబ్బ మీద వాళ్ల వాళ్లెవరూ లేరు. "నువ్వే చెయ్యాలి వదినా, నేను బయట నుంచి చెబుతాను" అన్నాడు బుడాన్. దొరల తొట్ల కోసం ఉంచిన మంచినీళ్ల పీపాను ఎవరినీ అడక్కుండా దొర్లించుకొచ్చాను. ఒక నౌకరు అడ్డం రాబోయి నా ముఖం చూసి తప్పుకున్నాడు.

తలుపు అవతల నుంచి బుడాన్ ఒక్కొక్కటే చెప్పాడు. ముందు చేతులు కడగమన్నాడు. కుడి వైపు నుంచి మొదలుపెట్టమన్నాడు. మూడుసార్లు పొయ్యమన్నాడు. రెప్పల మీది దూది ఒక పట్టాన వదలలేదు, తడి వేలితో తీశాను. కొత్త పరుపులకు గలేబులు కుట్టగా మిగిలిన తెల్ల గుడ్డ చుట్టమన్నాడు, చుట్టాను. అప్పుడు తలుపు సందులోంచి అతని చెయ్యి లోపలికి వచ్చింది. అరచేతిలో దూది. మెత్తగా, మళ్లీ మళ్లీ ఏకినది.

"ముక్కులో, చెవుల్లో పెట్టు వదినా. అది మా ఆచారం."

తీసుకున్నాను. ఆమె ముఖం వంక చూశాను. నా చెయ్యి రాలేదు. ఆ దూదిని గుప్పిట్లో నలిపి నా బొడ్లో దోపుకున్నాను.

"పెట్టావా వదినా?" అని అడిగాడు.

"పెట్టానయ్యా" అన్నాను.