వరండాలో పెట్టిన కిమ్చీ డబ్బా

మా చిన్నప్పుడు... పామర్‌స్టన్ నార్త్ అనే పరాయి దేశపు ఊళ్ళో, మా స్కూల్లో టర్మ్ ఆఖరి రోజు ఎవరింటి నుంచి వాళ్ళు ఏదో ఒకటి వండి తెచ్చేవాళ్ళు. పొడుగాటి బల్ల నిండా సాసేజ్ రోల్స్, కేకులు, చిప్స్... వాటి మధ్య మా పక్కింటి కొరియా ఆంటీ, అంటే నా ఫ్రెండ్ మిన్‌జీ వాళ్ళమ్మ, తెచ్చిన ఎర్రటి కిమ్చీ డబ్బా... కారం దట్టించి పులియబెట్టిన క్యాబేజీ అది.

మూత తీసిందో లేదో ఒకావిడ ముక్కు మూసుకుంది. ఇంకొకాయన లేచి కిటికీ తెరిచాడు. టీచరు నవ్వుతూనే ఆ డబ్బా పట్టుకెళ్ళి వరండాలో, పిల్లల బురద బూట్ల పక్కన పెట్టేసింది. బూట్ల పక్కన... తినే వస్తువుని. ఇప్పటికీ తలుచుకుంటే ఒళ్ళు మండిపోతుంది నాకు.

ఆంటీకి ఇంగ్లీషు అంతంత మాత్రం. మిన్‌జీ వంగి షూ లేసు కట్టుకుంటూనే ఉంది... ఎంతకీ తల ఎత్తదే.

మా అమ్మ నర్సు. నైట్ డ్యూటీ దిగి అటునుంచి అటే వచ్చింది. సంగతి చూసింది. తన క్యారేజీలో మిగిలిన పెరుగన్నం తీసుకుని వరండా మెట్ల మీద చతికిలబడి, ఆ డబ్బా దగ్గరికి లాక్కుంది.

ఎంతైనా గుంటూరు మనిషి కదా... ఊరగాయ నంజుకున్నట్టు ఓ చిన్న ముక్క అంచున వేసుకుంది. పక్కనే నిలబడ్డ ఆంటీ మొహం వాడిపోయింది, నచ్చలేదనుకుని. వాళ్ళకది ఊరగాయ కాదు, కూరలాంటిదని మిన్‌జీ చెప్పింది.

"అలాగా... అయితే ఇంకా వెయ్యమను. కూరని కూరలాగే తినాలి కదా" అంది అమ్మ.

ఆంటీ పక్కన కూర్చుని వేస్తూనే ఉంది, అమ్మ తింటూనే ఉంది. లోపల వాళ్ళు కేకులు తింటుంటే, మేం నలుగురం మెట్ల మీద డబ్బా ఖాళీ చేశాం.

ఇక అప్పట్నుంచీ రెండిళ్ళూ ఒకటే. వాళ్ళకి పొద్దున్నే కూడా అన్నం, ఏదో ఒక పులుసు, కిమ్చీ. చేప ఉండనీ గుడ్డు ఉండనీ, కిమ్చీ లేకపోతే అది భోజనం కిందికే రాదు. బాగా పులిసిపోయినా పారెయ్యరు, దాంతోనే పులుసు కాస్తారు. చలికాలం ముందు వాళ్ళ స్నానాల టబ్బు నిండా క్యాబేజీలు ఉప్పులో నానేవి... అన్నాళ్ళూ వాళ్ళ స్నానాలు మా ఇంట్లోనే.

వాళ్ళ డబ్బాని అమ్మ ఏనాడూ ఖాళీగా పంపలేదు. ఓసారి ఆవకాయ పెట్టి పంపితే, పాపం దాన్నీ కూరలాగే తిన్నారు. మర్నాడు మిన్‌జీ స్కూలుకి రాలేదు.

ఇప్పుడు మా రెండు కుటుంబాలూ అదే దేశంలో, ఆల్బనీ అనే ఊళ్ళోనే. అమ్మ లేదు... పోయి రెండేళ్ళు. మొన్న మా పాప స్కూల్లో మళ్ళీ అలాంటి విందే. ఆంటీని నేనే తీసుకెళ్ళాను. బల్ల నడిమధ్యన గాజు గిన్నెలో కిమ్చీ, దాని ముందు 'పొట్టకు మంచిది' అని కార్డు. చిన్న చెంచాతో మందు పోసినట్టు తలా కాస్త పెడుతోంది ఒకావిడ.

ఆంటీకీ పెడుతూ, "మెల్లగా తినండి, అలవాటు లేనివాళ్ళకి కాస్త ఘాటుగా ఉంటుంది" అంది.

ఎవరికి చెబుతోందండీ... తాతకు దగ్గులు నేర్పినట్టు. టబ్బులకి టబ్బులు కలిపిన చెయ్యి అది. నాకు తిక్క రేగింది. అడిగేద్దామనుకున్నాను, ఆంటీ నా చెయ్యి పట్టుకుని ఆపింది. చెంచాడూ మర్యాదగా తిని, తనకొచ్చిన ఇంగ్లీషులో "బాగుంది. అన్నం ఏదీ?" అంది.

అన్నం లేదు. "దీనికి అన్నం ఎందుకు?" అని ఆవిడ నిజంగానే అడిగింది.

ఆంటీ కాసేపు బల్లంతా చూసి నా వైపు తిరిగింది. "మీ అమ్మ ఉంటే క్యారేజీ తెచ్చేది" అంది.

కారులోకి వచ్చాక ఏడ్చేశాను. కోపంతోనే. అప్పుడేమో డబ్బాని బయట పెట్టారు... ఇప్పుడు డబ్బాని లోపలికి తెచ్చి, అన్నాన్ని బయట పెట్టారు.

మీ ఇంటి వంటని ఎవరైనా అలా బయట పెట్టినప్పుడు, పక్కన కూర్చుని తిన్నవాళ్ళున్నారా మీకు? ఉంటే వాళ్ళ గురించి రాయండి... చదువుతాను.