చిన్నాన్న కర్మనాటి ఆఖరి విస్తరి

రెండు వేల ఎనిమిదవ సంవత్సరం, జూన్ పదిహేడు, మంగళవారం, ఉదయం పదకొండు గంటల పది నిమిషాలు. మా ఇంటి వ్యవహారం మొదలైన సమయం అది. ఇది నేను అంచనా కట్టి రాసినది కాదు. తహసీల్దారు కార్యాలయం గదిలో గోడ గడియారానికి ఎదురుగా నిలబడ్డ మా పిన్ని, మధ్యాహ్నానికల్లా నా దగ్గరకు వచ్చి చెప్పినది చెప్పినట్టు ఆ రాత్రే నా డైరీలో రాసుకున్నాను. పదిహేడేళ్లుగా ఆ పేజీ తిరగేయలేదు. నిన్న సాయంత్రం ఒక కుర్రవాడు పిన్ని ఇంటి గుమ్మంలో చెప్పులు విడిచి, తన తండ్రి పెద్దకర్మ భోజనానికి రమ్మని కార్డు ఇచ్చి వెళ్లకపోతే, ఇక తిరగేసి ఉండేదాన్ని కూడా కాదేమో.

పిన్ని మా అమ్మకు చెల్లెలు. అమ్మ పోయాక నన్ను పెంచిన మనిషి. చిన్నాన్నకు రాజాం నుంచి బస్సులో అరగంట దూరంలోని ఊళ్లో రెండెకరాల పల్లపు మడి, ఎకరం మెట్ట ఉండేవి. పల్లంలో వరి, మెట్టలో చోడి, అంటే రాగి, వేసేవారు. నేను అప్పటికి రాజాంలో ఒక ధాన్యం వ్యాపారి కొట్టులో లెక్కలు రాస్తూ ఉండేదాన్ని. ఆ ఏడు వేసవిలో తాత, అంటే చిన్నాన్న తండ్రి, పోయారు. భూమిని తండ్రి పేరు నుంచి కొడుకు పేరుకు మార్పించుకుని పాసుపుస్తకం తెచ్చుకుంటే తప్ప బ్యాంకు పంట అప్పు ఇవ్వదు. మా తరం వారికి ఇది వివరించి చెప్పనక్కరలేదు. మనలో ఆ బల్లల ముందు నిలబడనివారెవరు?

ఆ బల్ల వెనుక కూర్చున్న అధికారి పరాయివాడు కాదు. ఏటికి అవతలి ఊరివాడు, పెళ్లిళ్లలో, జాతరల్లో ఎదురుపడితే చిన్నాన్నను వరుస కలిపి పిలిచేవాడు. ఆవేళా అలాగే పిలిచాడు. ఆరువేలు అవుతుందని చెప్పి, చిన్నాన్న మాట్లాడకపోవడం చూసి, బుజ్జగింపుగా, "నాయిన పోయిన దుక్కంలో ఉన్నావు కదా బావా, ఒక ఎయ్యి తగ్గించుకో," అన్నాడట. ఆ మాట పిన్ని చెవులారా విన్నది. అడిగినది ఆరువేలేనైతే చిన్నాన్న అందరిలాగే ఎక్కడో అప్పు చేసి తెచ్చి ఇచ్చి ఉండేవారని నా నమ్మకం. ఆయన పోరాటాలు చేసే మనిషి కాదు, సంతలో వంకాయలు కుళ్లినవి అంటగట్టినా మారుమాటాడకుండా సంచిలో వేసుకునే రకం. ఆయనను రగిల్చింది ఆ తగ్గింపు. కొట్టు అరుగు మీద కూర్చుని, నేనిచ్చిన మంచినీళ్లు తాగకుండానే, "ఒలే గుంటా, మా నాయిన సావుకి ఆడు ఎయ్యి రూపాయలు ఎల కట్టాడే," అన్నారు. అవినీతి నిరోధక శాఖకు ఫోను చేయించింది ఆ వాక్యమే.

తరువాతి పది రోజులు మా ఇంట్లో ఎవరూ గట్టిగా మాట్లాడలేదు. శాఖ వారు నోట్లకు ఏదో పొడి రాసి చిన్నాన్న జేబులో పెట్టారు. అడిగితే తప్ప ఇవ్వవద్దని, పిన్నిని పక్కనే ఉండి ఆ అడగడం వినమని ఒకటికి రెండుసార్లు చెప్పారు. "తెచ్చినావా బావా," అని ఆయన అడగడం, చిన్నాన్న ఇవ్వడం, వరండాలో బీడీ కాలుస్తున్నవాళ్లు అధికారులై లోపలికి రావడం అన్నీ రెప్పపాటులో జరిగాయట. గాజుగ్లాసులో తెల్లని నీళ్లు పోసి ఆయన వేళ్లు ముంచితే ఆ నీళ్లు గులాబీ రంగుకు తిరిగాయి. పిన్ని ఆ సంగతి చెప్పేటప్పుడల్లా తన కుడిచేతి వేళ్లు కొంగుకు తుడుచుకునేది.

ఒక వారం పాటు చిన్నాన్న మా ఊరికి పెద్దమనిషి. ఆ తరువాత కష్టాలు మొదలయ్యాయి. మా భూమి తాలూకు కాగితాలన్నీ కేసులో సాక్ష్యంగా జప్తు అయ్యాయి కనుక, కేసు తేలేదాకా పేరు మార్చడం కుదరదన్నారు. అంటే లంచం ఇవ్వనందుకు ఆగిన పని, లంచగొండిని పట్టించినందుకు మరింత గట్టిగా ఆగింది. అంతటితో పోలేదు. ఆ కార్యాలయంలో మా ఊరి పేరున్న ఏ అర్జీనీ ఎవరూ ముట్టుకోవడం మానేశారు. అడిగితే రేపు రమ్మనేవారు, ఆ రేపు ఎప్పటికీ వచ్చేది కాదు. టీకొట్టు దగ్గర చిన్నాన్న కనబడితే, "ఏటి బావా, పట్టించినావు, బాగున్నాది. ఇప్పుడు మా కాయితాలు ఎవుడు సూస్తాడు? నువ్వు సూస్తావేటి?" అని నవ్వేవారు. ఆ నవ్వు మొదట్లో వేళాకోళమే. రెండేళ్లకు అందులో వేళాకోళం పోయింది. చిన్నాన్న టీకొట్టుకు వెళ్లడం మానుకున్నారు. బ్యాంకు అప్పు లేక మూడు రూపాయల వడ్డీకి తెచ్చి మడి నాటేవారు, కోసిన ధాన్యం కళ్లంలోనే వడ్డీకి పోయేది. కేసు మాత్రం వాయిదా మీద వాయిదా పడుతూ, ఒకసారి న్యాయమూర్తి బదిలీ అయి, ఒకసారి ఆ అధికారి వకీలుకు జ్వరం వచ్చి, ఒకసారి ఏ కారణమూ చెప్పకుండానే ముందుకు జరుగుతూ ఉండేది.

రెండు వేల పదమూడు జనవరిలో, సాక్ష్యం చెప్పే వంతు రాకుండానే, చిన్నాన్న గుండె ఆగి మళ్లలో గట్టు మీద పడిపోయారు.

మా వైపు ఒక కట్టుబాటు ఉంది. అది శాస్త్రంలో ఉందో లేదో నాకు తెలియదు గాని, మా ముసలివాళ్లు శాస్త్రం కన్నా గట్టిగా పట్టుకునేవారు. పెద్దకర్మనాడు బంతిలోకి వచ్చి కూర్చున్నవాడు ఎవరైనా సరే, వాడికి ఆకు వేయాలి. ఒకసారి ఆ అన్నం తిన్నాక, ఆ మనిషి మీద ఆ ఇంటివాళ్లు నోరెత్తి నేరం చెప్పకూడదు. ఆ అన్నం పోయినవాడు పెట్టినదని, పెట్టినవాడి పేరు చెప్పుకుని తిన్నవాడిని రచ్చకీడిస్తే పోయినవాడికి ఆకలి తీరదని నమ్మకం. పాతకాలంలో గట్టు తగాదాలు, నీటి తగాదాలు ఎన్నో ఇలాగే ఆగేవని చెప్పుకునేవారు. తగాదా పడ్డవాడు తలవంచుకుని వచ్చి చివర కూర్చుంటే, అదే రాజీ.

చిన్నాన్న పెద్దకర్మనాడు ఆఖరి బంతి లేవబోతుండగా ఆ అధికారి వచ్చాడు. పిలిచినవారు లేరు. అప్పటికి ఉద్యోగంలోంచి పక్కనపెట్టి ఉన్నందున కాబోలు, మనిషి చిక్కిపోయి, చొక్కా వదులై ఉన్నాడు.  అయిదేళ్లుగా ఆయన పేరెత్తితే ఉమ్మేసే మా పెదనాన్న, అంటే చిన్నాన్న అన్నగారు, లేచి ఎదురు వెళ్తుంటే మెడపట్టి గెంటుతారనుకున్నాను. పెదనాన్న తన చేతిలో ఉన్న చివరి విస్తరి నేల మీద పరిచి, "కూకో. సావింటికొచ్చినోడిని నిలబెట్టకూడదు," అన్నారు. నడవలో ఒక మూల కూర్చోబెట్టిన పిన్ని, తలుపు సందులోంచి ఇదంతా చూస్తూనే ఉంది. ఆ అధికారి ఎవరివైపూ చూడకుండా పప్పుతోనూ పులుసుతోనూ తిని, ఆకు మడిచి, పెరట్లో గోలెం దగ్గర చేతులు కడుక్కుని వెళ్లిపోయాడు. ఆ వేళ్లనే నేను చూస్తూ నిలబడ్డాను. ఈసారి నీళ్లు రంగు మారలేదు.

ఆయన దుఃఖంతో వచ్చాడో, వకీలు పంపితే వచ్చాడో నేను చెప్పలేను. మా కట్టుబాటు మాత్రం ఏటికి అవతలా ఉన్నదే. తెలియక వచ్చాడని ఎవరూ అనలేరు.

దొరికిన నోట్లున్నాయి, రంగు తిరిగిన నీళ్ల సీసాలున్నాయి. కాని ఆ డబ్బు చేబదులు తిరిగి ఇచ్చినదని ఆయన వాదన. లంచంగా అడిగాడని చెప్పడానికి చెవులతో విన్న మనిషి ఇక లోకంలో పిన్ని ఒక్కతే. రెండు వేల పద్నాలుగు మార్చిలో ఆమెకు పిలుపు వచ్చింది. విజయనగరం దాకా బస్సులో వెళ్లి, అక్కడ విశాఖపట్నం రైలెక్కాము. ఏమి చెప్పాలో నేను నేర్పనక్కరలేదు. ఆమెకు అక్షరం పొల్లుపోకుండా తెలుసు. కొత్తవలసలో బండి చాలాసేపు ఆగింది. పక్క పట్టాల మీద ఎర్రమట్టి కొట్టుకుపోయిన గూడ్సు ఒకటి నిలబడి ఉంటే దానివైపు చూస్తూ పిన్ని అడిగింది.

"నాను సెప్తే ఆడు జైలుకెల్తాడేటే?"

వెళ్తాడన్నాను. అందుకేగా ఇన్నేళ్లు ఆగామన్నాను. దానికి ఆమె, "ఆడి పొట్టలో మీ సిన్నాన్న మెతుకులున్నాయి గుంటా," అంది. ఆ తరువాత నేను ఎంత చెప్పినా, చిన్నాన్న టీకొట్టు మానుకున్న సంగతి ఎత్తినా, కళ్లంలో వడ్డీకి కొలిచిన ధాన్యం సంగతి ఎత్తినా, నోరు విప్పలేదు.

బోనులో నిలబెట్టి ప్రభుత్వం తరఫు వకీలు మూడు రకాలుగా అడిగారు. మూడుసార్లూ, "గురుతు నేదు బాబూ," అంది. గదిలో అవతలి వైపు ఆ అధికారి తల దించుకుని కూర్చున్నాడు. మా వైపు వాదించే ఆ ప్రభుత్వ వకీలే ఆమెను ఎదురు తిరిగిన సాక్షిగా ప్రకటించమని కోరి, ఆమెనే గద్దించి అడగడం మొదలుపెట్టారు. మా మీద వాదించవలసిన మనిషి మా వైపు, మా వైపు వాదించవలసిన మనిషి మా మీద. ఆ ఏడాది చివర కేసు కొట్టేశారు. ఆ అధికారి తిరిగి ఉద్యోగంలో చేరి, ఆగిన జీతం అంతా అందుకుని, సక్రమంగా పదవీ విరమణ చేశాడు.

ఊరు తన లెక్క తాను వేసుకుంది. పిన్ని ముప్పైవేలు తీసుకుందని మొదట అన్నారు. సంక్రాంతి వచ్చేసరికి అది యాభై అయింది, మరుసటి ఏడు ఇంటి పెంకులు మార్చిస్తే లక్ష అయింది. ఆ పెంకులకు డబ్బిచ్చింది నేను. ఆ సంగతి నేను ఎంతమందికి చెప్పినా తలూపారే గాని నమ్మినవారు లేరు. ఐదువేల లంచం ఇవ్వనన్న మనిషి భార్య లక్షకు అమ్ముడుపోయిందన్న కథలో వినేవాడికి ఒక రుచి ఉంది. ఒక విస్తరి అన్నం కోసం నోరు కట్టుకుందన్న మాటలో ఏ రుచీ లేదు. ఆమె చేసినది సరైనదని నేను ఈనాటికీ అనను. ఆమె చిన్నాన్న ఋణం తీర్చుకుందో, ఆయనకు ద్రోహం చేసిందో నాకు తేలలేదు. కాని ఆమె ఒక్క పైసా ముట్టలేదని మాత్రం ఏ దేవుడి ముందైనా చెప్పగలను.

పాసుపుస్తకం సంగతి కూడా చెప్పి ముగిస్తాను. జప్తు కాగితాలు తిరిగి వచ్చాక, మళ్లీ అర్జీ, మళ్లీ రేపు. చివరికి పిన్ని కొడుకు, మా తమ్ముడు, జిరాక్సు షాపు దగ్గర కూర్చునే మధ్యవర్తికి పన్నెండువేలు ఫోనులోంచి పంపాడు. మూడో వారానికి పుస్తకం వచ్చింది. పిన్నికి అది కోర్టు ఇప్పించిందనే తెలుసు. ఆ డబ్బు ఎవరికి చేరిందో తమ్ముడికీ తెలియదు. ఇప్పుడు అడిగేవాడి ముఖం మనం చూడము, వాడు మనల్ని బావా అని పిలవడు, నాయిన పోయాడని వెయ్యి తగ్గించడు. వేళ్లకు పొడి అంటదు. మన చావుకు వచ్చి చివర కూర్చోవలసిన అవసరమూ వాడికి లేదు. కర్మ భోజనాలలో బంతులూ పోయాయి. పళ్లెం పట్టుకుని ఎవరికి వారు వడ్డించుకుని నిలబడే తింటున్నారు, ఎవరి అన్నం ఎవరు తిన్నారో గుర్తుంచుకునేవారు లేరు. ఆ పాత మనిషి చెడ్డవాడే. అయినా నిన్న ఆయన కొడుకు తెచ్చిన కార్డు మీద ఆయన ఫోటో చూసినప్పుడు, కనీసం ఎవరి మీద కోపం తెచ్చుకోవాలో అప్పుడు మాకు తెలిసి ఉండేదని అనిపించింది.

కార్డు నేను చదివి వినిపించాను. తమ్ముడు వెళ్దామన్నాడు, కుర్రవాడు స్వయంగా వచ్చి పిలిచాడు, వాళ్ల నాన్న మనింటికి రాలేదా, అన్నాడు. పిన్ని కళ్లు ఇప్పుడు సరిగా కనబడవు. కార్డును రెండు చేతులతో తడిమి, నా ఒళ్లో పెట్టింది.

"ఆడింట తింటే, ఆవేళ నాను అమ్ముకున్నట్టే అవుతాది. ఎల్లను," అంది.

ఈ రాత్రి డైరీలో లెక్క ముగించి రాసుకున్నాను. పోయినవి: చిన్నాన్న, ఆయన పెట్టిన కేసు, ఆరేళ్ల పంట మీద కట్టిన వడ్డీ, ఊళ్లో పిన్ని పేరు. మిగిలినవి: రెండెకరాల పల్లం, ఎకరం మెట్ట; పన్నెండువేలు పోసి కొన్న పాసుపుస్తకం; ఆ ఇంట పిన్ని తినని ఒక పూట భోజనం.